అరుగులు పోయిన వీధిలో కుక్క

కార్తీకం సగం దాటాక రాయచోటిలో ఇంకా చీకటి ఉండగానే టీ అంగళ్ళు తెరుచుకుంటాయి. ఆ వేళకు వీధికుక్కలు ఎక్కడెక్కడ పడుకుని ఉన్నాయో గమనిస్తే ఒక ప్రశ్న వెంటపడుతుంది. ఒకటి రాత్రి ఆరిపోయిన పొయ్యి బూడిదలో ఉంటుంది. ఇంకొకటి ఇల్లు కడుతున్నచోట తోలించిన ఇసుక కుప్ప మీద. రెండు మూడు నిలిపిన ఆటోల కింద, లారీ చక్రాల మధ్య, మూసిన అంగడి షట్టరుకూ మెట్టుకూ నడుమ సందులో. అంత రోడ్డు ఖాళీగా పడి ఉన్నా నడి సిమెంటు మీద ఒక్కటీ ఉండదు. ఇసుక మీది కుక్కను కాస్త నిలబడి చూడాలి. పైన మంచుకు తడిసిన ఇసుకను ముందుకాళ్ళతో తవ్విపోస్తుంది. పొడి ఇసుక తగిలేదాకా తవ్వుతుంది. తన ఒళ్ళు పట్టేంత గుంట కాగానే అందులోనే చుట్టూ తిరిగి, గాలి వచ్చే దిక్కుకు వీపు పెట్టి, కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుని, ముక్కును తోక కిందికి దోపుకుంటుంది. వెంట్రుక పలచగా ఉండే చోట్లన్నీ, అంటే పొట్టా, తొడల లోపలి వైపూ, ముక్కూ లోపలికి పోతాయి. వెంట్రుక ఒత్తుగా ఉండే వీపు ఒక్కటే బయటికి ఉంటుంది. తనకేం కావాలో ఆ జంతువు అంత స్పష్టంగా చూపిస్తోంది. పొడి నేల, వెనక ఆసరా, ఇరుకైన చోటు. మరి కుక్కకు చలికాలంలో గూడు ఎందుకు, ఎలాంటిది, ఎక్కడ అని మనం తర్జనభర్జన పడేటప్పుడు ముందు దాన్నే ఎందుకు చూడం?

ఇక్కడ మొదట వినిపించే మాట ఒకటుంది. ఇదేమన్నా కాశ్మీరమా, రాయచోటి చలికి కుక్కకు ఇల్లెందుకు అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఇక్కడ నీళ్ళు గడ్డకట్టవు, మంచు కురవదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ సీమలో జీవాల్ని చంపేది ఎండే తప్ప చలి కాదు. అయితే చలి అనేది థర్మామీటరులో కనిపించే అంకె ఒక్కటేనా? కుక్క ఒంటి వేడి 38, 39 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొట్టి వెంట్రుకల కుక్కకు, గాలి వేడి 20 డిగ్రీల కిందికి దిగినప్పటి నుంచే తిన్న తిండిలో కొంత భాగం ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికే పోతుంది. రోజూ కడుపు నిండే కుక్కకు అది లెక్కలోనిది కాదు. మాంసం అంగడి ముందు విసిరిన ముక్క కోసం పది కుక్కలతో పోట్లాడే బక్క కుక్కకు అదే పెద్ద ఖర్చు. దానికి తడి తోడైతే లెక్క పూర్తిగా మారిపోతుంది. కుక్క ఒంటిని కాపాడేది వెంట్రుక కాదు, వెంట్రుకల మధ్య నిలిచిన గాలి. తడవగానే ఆ గాలి పోయి నీరు నిలుస్తుంది. నీరు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పైన ఈదురుగాలి, కింద కడప బండ. పొడిగా ఉన్న కుక్కకు 12 డిగ్రీల రాత్రి ఏమీ చేయకపోవచ్చు. తడిసి బండ మీద పడుకున్న కుక్క 20 డిగ్రీల రాత్రి కూడా వణుకుతుంది. కాబట్టి కాశ్మీరంతో పోలిక మనల్ని పక్కదారి పట్టిస్తుంది. ఇక్కడి చలికాలపు సమస్య పేరు తడి.

అది ఊరికే అన్న మాట కాదు. ఈ ప్రాంతంలో ఏడాదికి పడే వానలో సుమారు మూడో వంతు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం లేచిందంటే రాయచోటికి రెండు మూడు రోజులు ముసురు పడుతుంది. ఉత్తరాదిలో చలికాలం పొడిగా ఉంటుంది, మనకు చలీ వానా కలిసి వస్తాయి. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేటల్ని ముంచేసిన రోజును ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. మనుషులే కొట్టుకుపోయిన చోట కుక్కల ఊసు ఎత్తడానికి నోరు రాదు. ఆ విషాదాన్ని వాదానికి వాడుకోవడమూ నా ఉద్దేశం కాదు. ఈ సీమలో చలికాలం అంటే ఏమిటో ఆ ఒక్క తేదీ చెబుతుంది కాబట్టే తలుచుకున్నాను. అంతటి విపత్తు రాని ఏడాదుల్లోనూ ముసురు వస్తుంది, మోరీలు పొంగుతాయి, ఇసుక కుప్ప తడిసి ముద్దవుతుంది, ఆటో కింద నీళ్ళు పారుతాయి. కుక్క తనకు తాను వెతుక్కున్న ఏర్పాట్లన్నీ ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోతాయి.

సరిగ్గా అప్పుడే పిల్లలు పుడతాయి. మన దేశపు వీధికుక్కలు ఎక్కువగా వానాకాలం చివర ఎదకు వస్తాయి. గర్భం సుమారు 63 రోజులు. అంటే ఈతలు చలికాలంలో పడతాయి. కళ్ళు తెరవని కుక్కపిల్లకు వణకడం కూడా చేతకాదు. ఒళ్ళు వణికి వేడి పుట్టించుకునే శక్తి పుట్టిన వారం దాకా రాదు. మొదటి వారంలో దానికి చుట్టూ 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. అది తల్లి పొట్ట నుంచీ తోబుట్టువుల ఒంటి నుంచీ రావాలి. తల్లి తిండికి పోయిన గంటలో పిల్ల కింద నేల తడిగా ఉంటే చాలు, అది చల్లబడిపోతుంది. చల్లబడిన పిల్ల పాలు కుడవదు, కుడవని పిల్ల ఇంకా చల్లబడుతుంది. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం పశ్చిమ బెంగాల్లో 95 ఈతల్లో పుట్టిన 364 కుక్కపిల్లల్ని గమనిస్తూ వచ్చి 2016లో ఫలితాలు ప్రకటించింది. ఈనే వయసుకు చేరినవి వందలో 19. పోయినవాటిలో వందకు 63 మనుషుల వల్లే, నేరుగానో పరోక్షంగానో పోయాయి. బండ్ల కింద పడినవీ, కొట్టి చంపినవీ, ఎత్తుకుపోయినవీ అందులో ఉన్నాయి. బెంగాల్ లెక్కను రాయచోటికి అలాగే అంటించలేం. అయినా పిల్లలు పుట్టిన చోటు ఎలాంటిది అన్నది వాటి బతుకును ఎంతగా తేలుస్తుందో చెప్పడానికి అది చాలు. బండి కింద పడిన కుక్కపిల్ల బండి కిందికి ఎందుకు వచ్చింది? ఇంజను వెచ్చగా ఉంది కాబట్టి, అక్కడ తడి లేదు కాబట్టి.

ఇదే బృందం అదే ఏడాది వీధికుక్కలు ఈనే 148 చోట్లను పరిశీలించి ఇంకో సంగతి తేల్చింది. మామూలుగా అడవి జంతువు పిల్లల్ని పెట్టడానికి మనిషి అలికిడికి దూరంగా పోతుంది. వీధికుక్క అలా పోదు. దూరంగా, సద్దుమణిగిన చోట్లు దొరుకుతున్నా మనుషుల ఇళ్ళలోనూ ఇళ్ళ పక్కనా పెడుతుంది. కావాలనే ఎంచుకుంటుంది. దీన్ని చదివినప్పుడు నాకు మన పాత ఇళ్ళు కళ్ళ ముందుకు వచ్చాయి. ముందు అరుగు, అరుగు మీదికి దిగిన చూరు, పక్కన ఎనుముల కొట్టం, కొట్టం వెనక పేడదిబ్బ, ఆ పక్కన గడ్డివామి. వామికి గాలి తగలని వైపు కుక్క తొలుచుకున్న బొరియ ఒకటి తప్పకుండా ఉండేది. ఎవరూ కుక్క కోసం కట్టింది కాదు. కట్టడంలోనే దానికి చోటు ఉండేది. ఎనుముల ఒంటి వేడి కొట్టంలో నిలిచేది, మాగే పేడ వేడి దిబ్బ అంచుకు వచ్చేది, బోద కప్పు వానను ఆపేది, అరుగు నేల వీధి కంటే మోచేతి ఎత్తున ఉండేది కాబట్టి పారే నీరు అంటేది కాదు. ఇంట్లోవాళ్ళు పొద్దున లేచి దాన్ని అదిలించేవాళ్ళేమో గానీ, రాత్రికి అది మళ్ళీ అక్కడికే వచ్చేది.

ఇప్పుడు ఆ ఇల్లు పోయింది. రాయచోటి నుంచి కువైటుకు పోయి, ఎండలో ఏళ్ళకేళ్ళు కష్టపడి పంపిన డబ్బుతో లేచిన మిద్దెలు వీధి వీధికీ ఉన్నాయి. అరుగు ఉండాల్సిన చోట గ్రానైటు మెట్లు, మెట్ల ముందు ఇనుప గేటు, గేటుకు అటూ ఇటూ ప్రహరీ. ఎనుములు అమ్ముడుపోయాయి. గడ్డివామి ఉండటానికి చోటూ లేదు, అవసరమూ లేదు. ఆ కుటుంబాల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అంత దూరం పోయి సంపాదించినవాళ్ళు గట్టి ఇల్లు కట్టుకోవాలనుకోవడంలో తప్పేముంది? నేను చెప్పదలచింది ఇంతే. కుక్క మనిషి పక్కన బతకడానికి తయారైన జంతువు. మనం మన ఇంటి తీరు మార్చుకున్నాం. ఆ మార్పులో ఒక జీవి చోటు, ఎవరి ఆలోచనలోకీ రాకుండానే, తుడిచిపెట్టుకుపోయింది. కాబట్టి చలికాలంలో ఒక పాత డ్రమ్ములో గడ్డి వేసి గోడవారగా పెట్టడాన్ని కొత్తగా అలవాటు చేసే సుకుమారం అనుకోనక్కర్లేదు. మన చేతుల మీదుగా పోయినదాంట్లో కొంత తిరిగి ఇవ్వడం అది.

దీనికి ఈ నేలలోనే పుట్టిన అభ్యంతరం ఒకటుంది, దాన్ని గట్టిగానే తీసుకోవాలి. జీవాల మందలతో తిరిగే కుక్కల్ని చూడండి అంటారు. రాయచోటి చుట్టూ గొర్రెలూ మేకలూ మేపే కుటుంబాలు తక్కువ కాదు. రాత్రి ఎవరి చేన్లోనో మంద కడతారు. కాపరి గొంగళి కప్పుకుని పడుకుంటాడు. కుక్క మంద చుట్టూ తిరుగుతూనో, ఒక అంచున పడుకునో తెల్లవారజేస్తుంది. దానికి ఎవరు గూడు కట్టారు? అది బతకడం లేదా? బతుకుతోంది, నిజమే. అయితే అది ఒంటరిగా చలిలో ఉందా? వంద జీవాల ఒంటి వేడి ఒక పక్క ఉంది, కాపరి వేసుకున్న నెగడు ఇంకో పక్క ఉంది. కాలి కింద దున్నిన మెత్తటి నేల ఉంది, సిమెంటు కాదు. అన్నిటికీ మించి దానికి మెడకు గొలుసు లేదు. గాలి మారితే తను జరుగుతుంది, వాన వస్తే మందతో పాటు చెట్టు కిందికో గుడి మంటపంలోకో చేరుతుంది. ఆ కుక్క గట్టితనం ఒక్కటే దాన్ని కాపాడటం లేదు. దానికి దొరికే చోట్లు కాపాడుతున్నాయి. అవి లేని చోట అదే జాతి కుక్క, అదే వయసుది, వణుకుతుంది.

గొలుసు మాట వచ్చింది కాబట్టి, నా దృష్టిలో వీధికుక్క కంటే ముందు ఆలోచించాల్సింది మిద్దె మీద కట్టేసిన కుక్క గురించి. ముచ్చటపడి తెచ్చిన లాబ్రడారో, జర్మన్ షెపర్డో, లేదంటే కాపలాకని పెంచిన నాటు కుక్కో, నీళ్ళ ట్యాంకు పక్కన మూడు గజాల గొలుసుతో ఉంటుంది. పైన రేకు ఒకటి వేసి ఉంటే వేసి ఉంటుంది. వీధికుక్క ఇసుక తడిస్తే బూడిదకు పోతుంది, బూడిద తడిస్తే షట్టరు సందుకు పోతుంది. కట్టేసిన కుక్క ఎక్కడికి పోతుంది? దాని చలిని మనమే ఎంచి ఇచ్చాం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్, పెంచుకునే జంతువుకు చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడాన్నీ, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడాన్నీ హింస కిందే లెక్కగట్టింది. మొదటిసారి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకె అంత చిన్నది కాబట్టి చట్టానికి భయపడి ఎవరూ గూడు పెట్టరు. తన అవసరాన్ని తాను తీర్చుకునే వీలు లేకుండా ఒక జీవిని కట్టేసినవాడి మీద ఆ అవసరం తీర్చే బాధ్యత పూర్తిగా పడుతుంది అన్నది మాత్రం చట్టం చెప్పకపోయినా తెలిసే సంగతే.

ఇక గూడు సంగతి. పట్టణాల్లో అమ్మే ప్లాస్టిక్ ఇళ్ళూ, బొమ్మల్లో కనిపించే ఎర్ర కప్పు చెక్క ఇళ్ళూ మన వాననూ మన ఎండనూ చూసి చేసినవి కావు. మనకు తెలిసిన వస్తువు ఒకటి ఇంటింటా ఉంది. నీళ్ళకు కరువు వచ్చిన వేసవుల్లో ట్యాంకరు నీళ్ళు పట్టుకోవడానికి కొన్న రెండు వందల లీటర్ల నీలి డ్రమ్ము. పగిలి నీళ్ళు నిలవని డ్రమ్మయినా కుక్కకు పనికొస్తుంది. పురుగుమందో రసాయనమో పోసింది మాత్రం కాకూడదు, ఎంత కడిగినా ఆ వాసన పోదు. అడ్డం పడేస్తే దాని వెడల్పు రెండడుగులకు కాస్త తక్కువ, పొడవు సుమారు మూడడుగులు. మన నాటు కుక్కకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఇంకొంచెం పెద్దదైతే హాయిగా ఉంటుంది కదా అనిపిస్తుంది. ఈ పొరపాటే ఎక్కువ మంది చేసేది. ఆ గూట్లో పొయ్యి కుక్క ఒళ్ళే. చిన్న గదిని అది వెచ్చబెట్టగలదు, పెద్ద గదిని వెచ్చబెట్టలేదు. లోపల నిలబడి, చుట్టూ తిరిగి, ముడుచుకుని పడుకునే చోటు చాలు.

డ్రమ్ము మూతి వైపు మొత్తం కోసేయకూడదు. ఒక అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు వాకిలి చాలు. అది నడిమధ్య కాకుండా ఒక పక్కకు ఉండాలి, అప్పుడు రెండో పక్క గాలి తగలని మూల అవుతుంది. కింద నాలుగు అంగుళాల గడప వదిలితే గడ్డి బయటికి రాదు, చినుకు లోపలికి రాదు. కోసిన అంచు కత్తిలా కోసుకుంటుంది కాబట్టి చేన్లో పాతబడిన డ్రిప్పు పైపు ముక్కను నిలువునా చీల్చి అంచు పొడవునా తొడగాలి. దొర్లకుండా రెండు పక్కలా ఇటుకలు, కింద నేలకు తగలకుండా ఇటుకలో, బోర్లించిన పగిలిన టమోటా బాక్సులో ఉండాలి. మదనపల్లె మార్కెట్టు దారిలో అలాంటి బాక్సులకు కొదవ లేదు. వెనక వైపు వేలెడు ఎత్తు చేసి మూతి వైపు వాలు ఇస్తే లోపలికి పడిన నీరు తనే బయటికి పోతుంది. మూతి ఎటు? నవంబరు, డిసెంబరు గాలులు ఈశాన్యం నుంచి వస్తాయి, వానా అటునుంచే కొడుతుంది. చలికాలపు ఎండ దక్షిణానికి వాలి ఉంటుంది. కాబట్టి మూతి దక్షిణానికి ఉండాలి, వీపు గోడకు ఆనాలి. ఇళ్ళకు దక్షిణపు వాకిలి అంటే జంకేవాళ్ళు కూడా దీనికి సందేహించనక్కర్లేదు. ఇసుక కుప్ప మీది కుక్క వీపు ఏ దిక్కుకు పెట్టిందో చూశాం కదా.

రేకు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చవకగా దొరికేది అదే. తేట ఆకాశం ఉన్న రాత్రి ఇనుప రేకు తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. పొద్దున చెట్టు కింద నేల పొడిగా ఉండి, పక్కనే ఉన్న రేకు మీది నుంచి మంచు నీరు కారడం అందుకే. ఆ చల్లటి రేకు కింద కుక్క ఊపిరి తగిలి లోపలి వైపూ చెమ్మ పట్టి చుక్కలు చుక్కలుగా రాలుతుంది. వానను ఆపే రేకే కుక్కను తడుపుతుంది. రేకు తప్పనప్పుడు దాని మీద బోదో, తాటాకో, గడ్డో మందంగా పరిస్తే ఆ తిప్పలు ఉండవు. లోపల ఏం వేయాలి అన్నది దీనికంటే ముఖ్యం. పాత దుప్పటి, గోతాం, చిరిగిన చీర, ప్రేమతో వేసేవి ఇవే. అవి తడిని పీల్చి పట్టుకుంటాయి, తడిసిన గోతాం మీద పడుకోవడం కంటే ఒట్టి ఇటుక మీద పడుకోవడం నయం. వరిగడ్డి మేలు. దాని కాడ లోపల బోలు, ఆ బోలులో గాలి నిలుస్తుంది. కుక్క దాన్ని తొలుచుకుని తన కొలతకు గుంట చేసుకుంటుంది, తడి కిందికి జారిపోతుంది. సగానికి పైగా నింపాలి. వారం పది రోజులకు మార్చాలి, పాతది కాల్చేయాలి. లేకుంటే పిడుదులు పడతాయి, ఎలుకలు చేరతాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. తిండి లోపల పెట్టకూడదు, చీమలూ పోట్లాటలూ అక్కడికే వస్తాయి. బల్బు వేలాడదీయడం, కుంపటి పెట్టడం అసలు వద్దు. గడ్డీ నిప్పూ ఒక చోట ఉండకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన అభ్యంతరం. గూడు పెడితే కుక్కలు చేరతాయి, చేరితే కరుస్తాయి, వీధిలో పిల్లలున్నారు. ఈ భయాన్ని జాలి లేనితనం అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. మన దేశంలో ఏటా వేల మంది రేబిస్‌తో పోతున్నారు, వాళ్ళలో పిల్లలు చాలామంది. లక్షణాలు బయటపడ్డాక ఆ రోగానికి దాదాపుగా మందు లేదు. బిడ్డను బడికి పంపే తల్లి భయం న్యాయమైనది. పైగా పిల్లలున్న తల్లి కుక్క మామూలు కుక్క కంటే త్వరగా మీదపడుతుంది, గూట్లో ఉన్నది అదే అయితే ఇంకా. ఇది ఒప్పుకున్నాకే ముందుకు పోవాలి. ఒప్పుకున్నాక అడగాల్సింది ఇది. గూడు లేకపోతే ఆ కుక్క వీధిలో ఉండదా? ఉంటుంది. మెట్ల కింద ఉంటుంది, బండి కింద ఉంటుంది, పిల్లలు బంతి కోసం చెయ్యి పెట్టే మూలన ఉంటుంది. ఎక్కడ ఈనిందో ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని చోట ఈనిన కుక్కే కరుస్తుంది. గూడు ఎక్కడ పెట్టాలో మనం ఎంచుకోవచ్చు. పిల్లలు నడిచే దారికి దూరంగా, గుమ్మాలకు ఎదురు కాకుండా, బడి గోడకు ఆనకుండా పెట్టవచ్చు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధి జంతువులకు తిండి పెట్టే చోట్ల గురించి చెప్పింది ఇదే, పిల్లలు ఆడుకునే చోట్లకూ రాకపోకల దారులకూ దూరంగా ఉండాలని. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి కుక్కల్ని తీసేయాలనీ, తీసినచోటికి మళ్ళీ వదలకూడదనీ చెప్పింది. కాబట్టి బస్టాండు గోడవారగానో ఆసుపత్రి గేటు దగ్గరో గూడు పెట్టడం ఆ కుక్కకే మేలు చేయదు.

ఇంకో లాభం ఉంది, నా వాదంలో గట్టిది ఇదే అనుకుంటాను. కుక్కల్లో వందకు 70కి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఊళ్ళలో ఆ అంకెకు చేరలేకపోవడానికి మందు లేకపోవడం ఒక్కటే కారణం కాదు, కుక్క దొరకదు. వల చూస్తే పారిపోతుంది. రోజూ ఒకే చోట పడుకునే కుక్క, ఆ వీధిలో ఒకరిద్దరి చేతి వాసన ఎరిగిన కుక్క, టీకాకు దొరుకుతుంది, సంతాన నియంత్రణ ఆపరేషనుకూ దొరుకుతుంది. వచ్చే ఏడు ఆ గూట్లో ఆరు పిల్లలు ఉండవు. కుక్కలు తగ్గాలని కోరుకునేవాళ్ళూ, వాటి మీద జాలి ఉన్నవాళ్ళూ రెండు వేర్వేరు పక్షాలని ఎందుకు అనుకుంటున్నాం? గూడు పెట్టి టీకా వేయించకపోతే మాత్రం పక్కింటివాళ్ళ కోపానికి జవాబు ఉండదు. టీకా బాధ్యత తీసుకోనివాళ్ళు గూడు పెట్టకపోవడమే నయం అని కూడా అంటాను.

మనుషులకే నీడ లేదు, కుక్కలకు ఎందుకయ్యా అనే మాటకు జవాబు పొడుగ్గా చెప్పాల్సిన పని లేదు. నీడ లేని మనిషికి నీడ ఇవ్వాల్సిన డబ్బుతో కొనేది కాదు ఈ పగిలిన డ్రమ్ము. ఒక దాని కోసం ఇంకొకటి ఆగదు. పైగా చలి రాత్రుల్లో మూసిన అంగడి ముందు పడుకున్న కూలీ పక్కన, ఏటీఎం కాపలా మనిషి కాళ్ళ దగ్గర కుక్క పడుకుని ఉండటం మనం చూస్తూనే ఉన్నాం. ఉన్న గోతాంలో సగం పంచినవాళ్ళు వాళ్ళే. ఆ ప్రశ్న వాళ్ళ నోటి నుంచి వినిపించగా నేను ఎరగను.

మిగిలిన సందేహం ఒకటే, అది నాకూ ఉంది. ఇంత చేసి పెడితే కుక్క అందులోకి రాకపోతే? చాలాసార్లు రాదు. కొత్త వస్తువు, ఒకే దారి, లోపల చీకటి. అనుమానించడమే దాని బతుకు తెరువు. మెడ పట్టి లోపలికి తోస్తే ఇక జన్మలో రాదు. అందుకే గూటిని మనకు బాగున్న చోట కాకుండా అది ఇప్పటికే పడుకుంటున్న చోటికి, లేదా ఆ పక్కకే తేవాలి. అది పడుకున్న పాత గడ్డో, ఇసుకో కొంచెం లోపల వేయాలి. తర్వాత దాని జోలికి పోకూడదు. ఇంకా ముఖ్యం, ఎప్పుడు పెట్టాలన్నది. తుపాను హెచ్చరిక విని హడావుడిగా పెట్టిన గూడు ఎవరికీ పనికిరాదు. తల్లి ఈనే చోటును ముందే వెతుక్కుని పెట్టుకుంటుంది. దసరా నాటికి గూడు అక్కడ ఉండాలి, వాన రాకముందే దానికి అలవాటు పడాలి. అప్పుడే కార్తీకంలో పిల్లలు తడి నేల మీద పుట్టవు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, ఆ వారంలోనే గడ్డి తీసి కాల్చేసి, డ్రమ్మును కడిగి ఎండబెట్టి అక్కడి నుంచి తీసేయాలి. మార్చి ఎండలో నీలి ప్లాస్టిక్ లోపల ఏ జంతువూ ఉండకూడదు. తీసిన చోట, అదే గోడ నీడలో, ఒక రాతి తొట్టి పెట్టి రోజూ నీళ్ళు మార్చాలి.